జగన్నాధ విలాస్‌కి ఫారిన్ సర్వరు

ఆ మంగళవారం జగన్నాధం వేసుకున్న ప్లాను చాలా చిన్నది. రాజాం నుంచి మొదటి బస్సుకి విజయనగరం వెళ్ళడం, హౌరా వైపు నుంచి వచ్చే రైల్లో దిగే నేపాల్ మనిషిని వెంటబెట్టుకుని రావడం, మధ్యాహ్నం భోజనాల వేళకి అతని చేతిలో సాంబారు బకెట్టు పెట్టడం. మూడే పనులు. వాటిలో ఏ ఒక్కటైనా చెడడానికి సందున్నట్టు అతనికి కనిపించలేదు.

జగన్నాధ విలాస్ పాలకొండ రోడ్డు మీద ఇరవై ఆరేళ్ళుగా నడుస్తున్న హోటలు. ఒకప్పుడు అందులో ఏడుగురు పనివాళ్ళుండేవారు. మధ్యాహ్నం మూడున్నరకి జనం పలచబడ్డాక తలుపు ఓరగా వేసి, వంటింటి వెనక వసారాలో అందరూ బంతిగా కూర్చుని తినేవారు. ఒకడు పక్కవాడి విస్తట్లో అప్పడం లాక్కునేవాడు, ఇంకొకడు ముందురోజు చూసిన సినిమా మొత్తం చెప్పేవాడు, జగన్నాధం అందరినీ తిడుతూ వడ్డించేవాడు. అతని భార్య పోయి తొమ్మిదేళ్ళు. పిల్లలు లేరు. ఆ బంతి ఉన్నన్నాళ్ళూ తనకి ఇంట్లో ఎవరూ లేరన్న సంగతి అతనికి పెద్దగా తెలియలేదు.

తర్వాత ఒక్కొక్కరే ఖాళీ చేశారు. దోసెల మాస్టరు మస్కట్ వెళ్ళాడు. ఇద్దరు సర్వర్లు హైదరాబాదులో కార్లు నడుపుతున్నారు. కాఫీ కలిపేవాడు చెన్నైలో ఏదో కంపెనీ గేటు ముందు యూనిఫాం తొడుక్కుని నిలబడుతున్నాడు. అక్కడ అతనికే ఎవరో కాఫీ కలిపి ఇస్తారట. "ఉన్న ఊళ్ళో అన్నం ముద్ద సేదెక్కిపోనాదేటిరా మీకు!" అని జగన్నాధం ప్రతివాడినీ బస్సు దాకా వెళ్ళి తిట్టి మరీ సాగనంపాడు. చివరికి వంట చేసే లక్ష్మణమ్మ, జగన్నాధం అక్క వరసలో అప్పా అని పిలిచే మనిషి, ఒక్కర్తే మిగిలింది. ఆవిడ కూడా మూడు కొట్టగానే మనవలు బడి నుంచి వస్తారని ఇంటికి వెళ్ళిపోతుంది. మూడున్నరకి జగన్నాధం వంటింట్లో నిలబడి గిన్నెలోంచే నాలుగు ముద్దలు తినేవాడు. ఒక్కడి కోసం విస్తరి వేసుకోవడం అతనికి ఎందుకో సిగ్గుగా ఉండేది.

మనుషులు దొరక్క ఆ ముందు ఏడాది ఒక టోకెన్ యంత్రం కొన్నాడు. అది ఆడగొంతుతో, "టోకెన్ నంబరు నలభై ఏడు, దయచేసి కౌంటరు వద్దకు రండి" అనేది. జగన్నాధ విలాస్‌లో అంతకు ముందు ఎవరూ ఎవరినీ దయచేసి రమ్మనలేదు. అందుకని నలభై ఏడో నంబరాయన అది తనని కాదనుకుని కూర్చుండిపోయేవాడు, ఇడ్లీ చల్లారిపోయేది, ఆఖరికి జగన్నాధమే వెళ్ళి, "బాబూ, నిన్నే! ఆ యమ్మ గొంతు చించుకుంతంటే ఇనపడతాలేదా?" అని అరవాల్సి వచ్చేది. హోటలు మూసే వేళకి మిగిలిన మాట అదొక్కటే. ఒక్కోసారి ఖాళీ కుర్చీల మధ్య అది దానంతట అదే ఏదో ఒక నంబరుని పిలిచేది. ఎవరూ వచ్చేవారు కాదు.

అలాంటి రోజుల్లో విశాఖపట్నంలో పనివాళ్ళని కుదిర్చే ఎల్లాజీ ఫోను చేశాడు. "మావా, నీకు నేపాల్ మడిసిని పంపుతన్నాను. గురుంగని, నడివయసోడు, వంటొచ్చు, ఒడ్డనొచ్చు. తెలుగు రాదు. సేతిలో ఎర్ర సంచుంటాది. జనరల్ బోగీలో దిగతాడు" అన్నాడు. గుర్తుపట్టడానికి అంతకంటే ఏం కావాలి?

విజయనగరం ప్లాట్‌ఫారం మీద జనరల్ బోగీ ఎక్కడ ఆగుతుందని జగన్నాధం టీ అమ్మే మనిషిని అడిగాడు. అతను ఆలోచించకుండా ఈ చివర చూపించాడు. ఆ పక్కనే పూలదండ పట్టుకుని, ఖద్దరు చొక్కా వేసుకుని, పెద్ద మీసాలతో నిలబడ్డ ఒక పెద్దమనిషి ఏసీ బోగీ ఎక్కడాగుతుందని అడిగాడు. టీ అతను అంతే ధీమాగా ఆ చివర చూపించాడు. ఇద్దరూ థాంక్స్ చెప్పి చెరో వైపు నడిచారు. రైలు వచ్చి, టీ అతను చెప్పినదానికి సరిగ్గా తిరగేసి ఆగింది.

జగన్నాధం ఎదురుగా దిగినాయనకి అరవై దాటి ఉంటాయి. బక్కపల్చని మనిషి, శుభ్రమైన చొక్కా, వీపుకి ఎర్ర సంచీ. చుట్టూ చూస్తున్నాడు. జగన్నాధానికి నేపాల్ వాళ్ళని దగ్గరగా చూసిన అలవాటు లేదు. ఎర్ర సంచీని మాత్రం చూశాడు.

"హోటల్?" అన్నాడు.

ఆయన ముఖం విప్పారింది. "ఓ, హోటల్! హాయ్, హాయ్!"

"హాయ్" అన్నాడు జగన్నాధం, మర్యాదకి మర్యాదగా.

ఆయన రెండు చేతులతో ఒక చిన్న కార్డు అందించాడు. కళ్ళజోడు ఇంటి దగ్గర మర్చిపోయిన జగన్నాధం దాన్ని జేబులో పెట్టుకుని, పనివాడికి కార్డు కూడా ఉందంటే మంచి చేయే అయి ఉంటాడని సంతోషించాడు. బస్సెక్కాక పేరడిగాడు.

"మొరిషిత."

"మరి సీతా?" అన్నాడు జగన్నాధం అర్థంకాక.

ఆయన మెచ్చుకోలుగా తలూపి, సంచీలోంచి ఒక కాగితం తీసి వేలుపెట్టి చూపించాడు. "రామతీర్థం?"

అప్పుడు జగన్నాధానికి అంతా అర్థమైంది. పాపం భక్తుడు. రాముడి గుడి గురించి అడుగుతున్నాడు. "ఓహో, సీతా! సీతమ్మ కూడా అక్కడే ఉంటాది బాబూ. రామతీర్థం తరవాత. ఫస్టు హోటల్."

"ఫస్ట్ హోటల్. హాయ్."

"హాయ్."

రాజాం చేరేసరికి ఇద్దరూ పదిహేడు సార్లు ఒకరినొకరు పలకరించుకున్నారు.

లక్ష్మణమ్మ పొయ్యి ముందు నుంచి తొంగిచూసింది. "ఈయనేటి తమ్ముడా, పనికొచ్చినోడిలాగ నేడు. పెళ్ళికొచ్చినోడిలాగున్నాడు."

"ఫారిన్ అప్పా. ఆళ్ళలాగే ఉంటారు."

మొరిషితకి ఆరు ఇడ్లీలు పెట్టారు. ఆయన ఆరూ తిని, ప్లేటు తనే పట్టికెళ్ళి తనే కడిగి, బోర్లించి, పక్కనున్న తొట్టెలోని నలభై ప్లేట్ల వైపు చూశాడు. తర్వాత చొక్కా చేతులు మడుచుకున్నాడు. జగన్నాధానికి కళ్ళు చెమర్చినంత పనైంది. చెప్పకుండా పని చేసే మనిషిని అతను చూసి ఆరేళ్ళయింది. మేకుకి వేలాడుతున్న ఆకుపచ్చ ఏప్రాన్ తీసి ఇచ్చాడు. దాని మీద "జగన్నాధ విలాస్, శుచి, రుచి" అని అచ్చువేసి ఉంటుంది. మొరిషిత దాన్ని రెండు చేతులతో అందుకుని, కళ్ళకద్దుకున్నంత పని చేసి, కట్టుకున్నాడు.

పన్నెండున్నరకి జనం పోటెత్తారు. యంత్రం ఆ పూట నలభై ఏడు దగ్గర ఇరుక్కుపోయి, హాల్లో ఉన్న అరవై మందినీ నలభై ఏడని పిలవడం మొదలుపెట్టింది. "సాంబార్! ఇటు సాంబార్ తే!" అని అరుపులు. జగన్నాధం బకెట్టు మొరిషిత చేతికిచ్చి హాల్లోకి తోశాడు. ఆయన మొదటి బల్ల దగ్గర ఆగి, నడుం దాకా వంగి నమస్కరించి, ఒక గరిటె పోసి, మళ్ళీ వంగాడు. పురుగుమందుల దుకాణం ఆయన తినేవాడల్లా ఎంగిలి చేత్తోనే లేచి తిరిగి వంగాడు. పక్కబల్ల వాళ్ళు కూర్చుని ఉంటే బాగుండదని వాళ్ళూ లేచారు. కాసేపటికి ఆ వరసంతా లేచి వంగుతూ ఉంది. వంగినప్పుడు ఒకాయన కళ్ళజోడు పప్పులో పడింది.

"మరి సీతా! ఒంగకు! ఒంగితే ఎప్పుడికి అవుతాది? పొయ్యి, ముందుకెళ్ళు!" అని జగన్నాధం కౌంటరు మీంచి కేకేశాడు.

"హాయ్!" అన్నాడు మొరిషిత, ఇంకొంచెం వంగి.

"ఆ మడిసి తిట్టినా పలకరిత్తన్నాడు తమ్ముడా. ఇలాంటోడు మళ్ళీ దొరకడు" అంది లక్ష్మణమ్మ.

ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు ఫోనులు తీసి ఫొటోలు కొట్టారు. ఒంటిగంటకి ఆ ఫొటో రాజాం వాట్సాప్ గ్రూపుల్లో "మన ఊళ్ళో ఫారిన్ సర్వర్" అన్న మాటతో తిరిగింది. ఒంటిగంటన్నరకి "ఫారిన్ కంపెనీ జగన్నాధ విలాస్ కొనేసింది" అయింది. రెండింటికి హెడ్ కానిస్టేబుల్ కొండబాబు సైకిల్ స్టాండు వేసి లోపలికొచ్చాడు.

"జగన్నాధం గారూ, ఫారినోడిని పనిలో ఎట్టేరంట. కాయితాలున్నాయో లేవో సూడమన్నారు."

నేపాల్ వాళ్ళకి కాగితాలు అక్కర్లేదని ఎల్లాజీ చెప్పాడు కానీ, ఆ మాట పోలీసుకి చెప్పే ధైర్యం జగన్నాధానికి ఎల్లాజీ ఇవ్వలేదు. "పనోడు కాడండీ" అన్నాడు కంగారుగా. "సుట్టం."

కొండబాబు మొరిషిత వైపు చాలాసేపు చూశాడు. "ఎటేపు?"

"మా ఆవిడేపు."

ఆ మాట అన్నాక జగన్నాధానికి భార్య గుర్తొచ్చింది. ఆవిడ ఉంటే ఎంత నవ్వేదో. అంతలో మొరిషిత కాఫీ తెచ్చి కొండబాబుకి రెండు చేతులతో ఇచ్చి వంగాడు. కొండబాబు తటాలున లేచి సెల్యూట్ కొట్టాడు. చుట్టాల మర్యాద అలాగే ఉంటుందనుకున్నాడేమో, కాఫీ తాగి వెళ్ళిపోయాడు.

మూడున్నరకి హాలు ఖాళీ అయింది. లక్ష్మణమ్మ అలవాటు ప్రకారం చెంగు దులుపుకుంది కానీ ఆ పూట గుమ్మం దాటలేదు. ఫారిన్ మనిషి ఎలా తింటాడో చూసి వెళ్తానంది. జగన్నాధం అలవాటుగా గిన్నె దగ్గరికి నడిచి, ఆగాడు. తర్వాత వసారాలో మూల నిలబెట్టిన విస్తళ్ళ కట్టలోంచి రెండు లాగాడు. ఎదురెదురుగా కూర్చున్నారు. అతను అన్నం వడ్డించాడు, వంకాయ కూర వేశాడు. మొరిషిత ముద్ద కలపబోతే అన్నం వేళ్ళ సందుల్లోంచి జారిపోయింది. జగన్నాధం తన చెయ్యి చూపించి, "ఇలగ. బొటనేలితో తొయ్యాల" అన్నాడు. మొరిషిత నాలుగో ప్రయత్నానికి ముద్ద నోట్లో పెట్టుకోగలిగాడు. ఇద్దరూ ఏదో ఘనకార్యం చేసినట్టు నవ్వుకున్నారు. జగన్నాధం తన విస్తట్లో అప్పడం విరిచి సగం ఆయనకి వేశాడు. భాష లేదు, చెప్పడానికి సినిమా కథా లేదు. అయినా ఆ రోజు అతను మజ్జిగ దాకా కూర్చుని తిన్నాడు.

అప్పుడే ఫోను మోగింది. ఎల్లాజీ.

"మావా, ఏటి నీ ఓటల్ కత? గురుంగ్ ఇప్పుడే ఫోన్ సేసాడు. సేటు సాలా మంచోడు, మెడలో దండేసాడు, శాలువా కప్పాడు, ఇంటికి తీసికెళ్ళి బోయనం ఎట్టి పడుకోబెట్టాడు, ఇప్పుడు టేజీ ఎక్కించి మాటాడమంటన్నాడు, ఏటి మాటాడాలా అని అడగతన్నాడు. పనోడికి సన్మానమేటి మావా?"

"గురుంగ్ నా ఎదర కూకుని మజ్జిగ తాగతన్నాడు" అన్నాడు జగన్నాధం.

"మరైతే టేజీ మీద ఉన్నోడెవుడు?"

 జగన్నాధం మెల్లగా జేబులోంచి కార్డు తీశాడు. గల్లాపెట్టె మీది పాత కళ్ళజోడు పెట్టుకుని, అక్షరం అక్షరం కూడబలుక్కున్నాడు. మొదటి మాట ప్రొఫెసర్. కింద జపాన్.

"అప్పా" అన్నాడు, కార్డు చూపిస్తూ. "ఈయన జపాన్ ప్రొఫెసరంట."

"ఐతే ఏటి?" అంది లక్ష్మణమ్మ. "గిన్నెలు బాగా తోమేడు."

జపాన్ నుంచి వచ్చిన ప్రొఫెసరు చేత ఎంగిలి ప్లేట్లు కడిగిస్తే ఏ సెక్షను కింద పెడతారో జగన్నాధానికి తెలియదు. రైలు ప్లాట్‌ఫారం మీద పూలదండ పట్టుకున్న మీసాలాయన గుర్తొచ్చాడు. కాగితం మీది రామతీర్థం గుర్తొచ్చింది. రామతీర్థం కొండ మీద రాముడి గుడి దగ్గరే పాత బౌద్ధుల కట్టడాలూ ఉన్నాయని అప్పటికి గుర్తొచ్చింది. ఆటో పిలిచి, మొరిషితని ఎక్కించి, దారి పొడుగునా "సారీ సార్, సారీ సార్" అంటూనే ఉన్నాడు. మొరిషిత ప్రతిసారీ "హాయ్" అన్నాడు.

రామతీర్థంలో కొండ కింద షామియానా. రెండు వందల మంది కూర్చున్నారు. వేదిక మీద బుద్ధుడి బొమ్మ, "జపాన్ పండితునికి సుస్వాగతం" అన్న బ్యానరు, దాని కింద మెడలో దండతో, భుజాన జరీ శాలువాతో నలభై ఐదేళ్ళ గురుంగ్. అతని పక్కన మైకు పట్టుకుని, స్టేషన్లో చూసిన పెద్ద మీసాలాయన. ఆయన పేరు నరసింగరావు, విజయనగరంలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరయ్యారు. అయ్యాక ఆయన మాట వినేవాళ్ళు లేక, ఈ సభ కోసం రెండేళ్ళు ఉత్తరాలు రాశారు.

స్టేషన్లో ఆయన తను నేర్చుకున్న ఒకే ఒక్క జపనీస్ మాట "కొన్నిచివా" అన్నారు. గురుంగ్ జపాన్‌లో ఒక కర్రీ హోటల్లో నాలుగేళ్ళు పనిచేసి వచ్చిన మనిషి. ఇక్కడి సేటుకి జపనీస్ ఎలా వచ్చిందా అని ఆశ్చర్యపోయి, గడగడా జపనీస్‌లోనే జవాబు చెప్పాడు. ఇంక అనుమానానికి తావెక్కడిది? పైగా జగన్నాధాన్ని పోల్చుకోమని ఎల్లాజీ గురుంగ్‌కి చెప్పిన గుర్తు, పెద్ద మీసాలు. అతని కంటికి ఇక్కడి మీసాలన్నీ ఒక్కలాగే ఉన్నాయి.

ఊరి పెద్దల ఉపన్యాసాలన్నీ అయ్యాయి, ఇప్పుడు అందరి ముందూ అతన్ని ఏదో ఒకటి మాట్లాడమంటున్నారు. గురుంగ్‌కి జపనీస్‌లో నోటికి వచ్చినవి హోటల్లో రోజూ అన్న మాటలే. అవే అన్నాడు. వాటి అసలు అర్థం, జపనీస్‌లో హాయ్ అంటే అవునని కూడా, జగన్నాధానికి ఆ తర్వాత గురుంగే చెప్పాడు.

"రండి, రండి! ఇద్దరేనా? కిటికీ పక్కన బల్ల ఖాళీగా ఉంది" అన్నాడు గురుంగ్.

నరసింగరావు ఒక్క క్షణం కళ్ళు మూసుకుని తెరిచారు. ఆయనకి జపనీస్ ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ ఎదురుగా రెండు వందల మంది ఉన్నారు. "సత్యాన్ని వెతుక్కుంటూ వచ్చినవాడికి జ్ఞానమనే కిటికీ ఎప్పుడూ తెరిచే ఉంటుందంటున్నారు" అన్నారు. చప్పట్లు.

"కారం తక్కువ వెయ్యమంటారా, మధ్యస్థంగానా, బాగా ఎక్కువా?" అంటూ గురుంగ్ చెయ్యి కిందా మధ్యా పైనా పెట్టి చూపించాడు.

"అటు అతి వద్దు, ఇటు అతి వద్దు. మధ్యేమార్గమే బుద్ధుడి మార్గం!" నరసింగరావు గొంతు వణికింది. ముందు వరసలో ఒక ముసలాయన కళ్ళు తుడుచుకున్నాడు.

"రొట్టె ఎన్నిసార్లడిగినా ఉచితమే."

"దానానికి హద్దు లేదంటున్నారు!"

షామియానా గుంజ దగ్గర నిలబడ్డ మొరిషిత భుజాలు కదలడం జగన్నాధం చూశాడు. ఆయన రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. ఇంత అవమానం జరిగితే ఏడవడా మరి, అనుకుని జగన్నాధం ఆయన వీపు మీద చెయ్యి వేశాడు. మొరిషిత తలెత్తాడు. నవ్వు. కళ్ళ నుంచి నీళ్ళు కారేంత, మోకాళ్ళు వంగిపోయేంత నవ్వు. ఆ మనిషి చాలా ఏళ్ళుగా దాచుకున్న నవ్వంతా అక్కడ ఒలకబోసినట్టుంది.

జగన్నాధం వేదిక పక్కకి వెళ్ళి, నరసింగరావుని సైగచేసి పిలిచి, చెవిలో సంగతి చెప్పాడు. ఆయన ముఖంలో రంగులు మారాయి.

"అయ్యా, మీకు దణ్ణం పెడతాను, కాస్త మెల్లగా మాట్లాడండి" అన్నారు నరసింగరావు. "మైకు ఆన్‌లో ఉంది."

పాపం చదువుకున్న మనిషి, చప్పున తేరుకున్నారు. "ఇప్పటిదాకా మాట్లాడినవారు శిష్యులు. ఇప్పుడు గురువుగారు వేదికనలంకరిస్తారు" అని ప్రకటించారు. శాలువా శిష్యుల భుజం మీంచి మెల్లగా లాగబోయారు. గురుంగ్ వదల్లేదు. తనకిచ్చిందే కదా అన్నట్టు గట్టిగా పట్టుకున్నాడు. రెండుసార్లు లాగి, జనం చూస్తున్నారని నరసింగరావే వదిలేశారు. మొరిషిత ఆకుపచ్చ ఏప్రాన్‌తోనే వేదిక ఎక్కాడు. శుచి, రుచి అన్న అక్షరాలు చూసి జనం అవి జపాన్ మఠం వారి నియమాలనుకున్నారు.

ఆయన జపనీస్‌లో చెప్పింది గురుంగ్ హిందీలో చెప్పాడు. గురుంగ్ హిందీలో చెప్పింది నరసింగరావు తెలుగులో చెప్పారు. ఈసారి ఆయన ఒక్క మాట కూడా కలపలేదు.

"మా ఊళ్ళో పిల్లలు తక్కువ, ముసలివాళ్ళు ఎక్కువ. పనికి మనుషులు దొరకరు. అన్నం తినడానికి వెళ్తే గుమ్మంలో యంత్రం చీటీ ఇస్తుంది. యంత్రమే కూర్చోమంటుంది, యంత్రమే వెళ్ళి రమ్మంటుంది. నేనొక్కణ్ణే ఉంటాను. ఒక్కోరోజు పొద్దున్నుంచి నా గొంతు నేనే వినను. ఏ దేశం వెళ్ళినా దండ వేసి, ఎత్తున కూర్చోబెట్టి, తర్వాత గదిలో వదిలి వెళ్ళిపోతారు. ఈవేళ ఒకాయన నన్ను స్టేషన్ నుంచి తన హోటలుకి తీసికెళ్ళాడు. నా పేరు సరిగ్గా పలకలేదు. పని చెప్పాడు. వంగితే కసిరాడు. తన ఎదురుగా కూర్చోబెట్టుకుని అన్నం ఎలా తినాలో నేర్పాడు. రెండో బకెట్టు సాంబారు దగ్గర నాకు అర్థమైంది, ఆయన నన్ను ఇంకెవరో అనుకుంటున్నాడని. చెప్పబుద్ధి కాలేదు."

 షామియానా కింద చప్పట్లు దద్దరిల్లాయి. ముందు వరస ముసలాయన పక్కాయనతో, "ఎంత గొప్ప దృష్టాంతమండీ! ఆ హోటలంటే సంసారమే!" అన్నాడు. హోటలంటే పాలకొండ రోడ్డు మీద హోటలేనని జగన్నాధం చెప్పాలనుకున్నాడు. చప్పట్లు కొట్టడంలో మర్చిపోయాడు.

మర్నాడు మొరిషితకి సాయంత్రం రైలు. పొద్దున్న ఎనిమిదింటికే నరసింగరావుని వెంటబెట్టుకుని రాజాం వచ్చి, ఏప్రాన్ కట్టుకున్నాడు. జగన్నాధం యంత్రానికి తీగ పీకేసి, దాని మీద తుండుగుడ్డ కప్పాడు. గురుంగ్ శాలువా మడిచి గూట్లో పెట్టి పొయ్యి దగ్గర నిలబడ్డాడు. నరసింగరావు ఒక బల్ల దగ్గర కూర్చుని, వచ్చినవాళ్ళకి బౌద్ధం గురించి చెప్పారు. అన్నం కోసం ఎదురుచూసేవాళ్ళు లేచిపోలేరు కనుక అందరూ విన్నారు. మూడున్నరకి అయిదు విస్తళ్ళు వేశారు. లక్ష్మణమ్మ మనవలకి కబురు పంపి తనూ కూర్చుంది. ఒకరి మాట ఇంకొకరికి చేరడానికి మూడు భాషలు తిరిగి రావలసి వచ్చేది. చేరేసరికి అది ఎవరన్న మాటో మర్చిపోయేవారు.

సాయంత్రం స్టేషన్లో మొరిషిత వంగి నమస్కరించాడు. జగన్నాధం చుట్టూ ఒకసారి చూసి, తనూ వంగాడు. రైలు కదిలి చాలాసేపయ్యాక గానీ లేవలేదు. నడుం పట్టేసిందని గురుంగ్‌తో చెప్పాడు.

రెండున్నర నెలల తర్వాత జపాన్ నుంచి ఉత్తరం వచ్చింది. అప్పటికి గురుంగ్ లక్ష్మణమ్మ దగ్గర తెలుగు నేర్చుకున్నాడు. మాటలకే అతనికి జపనీస్ వచ్చు, చదవడానికి కాదు. అదృష్టం కొద్దీ మొరిషిత ఉత్తరాన్ని హిందీలో రాయించాడు. గురుంగ్‌ని మళ్ళీ జపాన్ రమ్మని పిలుస్తున్నాడని జగన్నాధం ముందే అనుకున్నాడు. మళ్ళీ నిలబడి తినే రోజులొచ్చాయనుకుని మనసు రాయి చేసుకున్నాడు. "సదువు. ఎప్పుడెళ్ళాలంట నువ్వు?" అన్నాడు, మొహం పక్కకి తిప్పుకుని.

గురుంగ్ చదివి, ఇంకోసారి చదివి, తలెత్తాడు. "నాను కాదు సేట్. నిన్ను పిలస్తన్నాడు."

మొరిషిత వాళ్ళ ఊళ్ళో ముసలివాళ్ళంతా కలిసి మధ్యాహ్నం తినడానికి ఒక భోజనశాల పెట్టుకున్నారట. వంటకి ఎవరో ఒకరు దొరికారు. బల్లల మధ్య తిరుగుతూ, ఇంకొంచెం వేసుకోమని బలవంతపెట్టి, వద్దంటే కసిరే మనిషి మాత్రం ఆ జిల్లాలోనే దొరకలేదట. ఆరు నెలలు వచ్చి ఉంటారా అని అడిగాడు.

"పిచ్చి మడిసి" అని జగన్నాధం ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాడు. మూడు రోజులు దాన్ని తీసి చూసుకుంటూ, మళ్ళీ జేబులో పెట్టుకుంటూ తిరిగాడు. ఊరు విడిచిన ప్రతివాడినీ బస్సు దాకా వెళ్ళి తిట్టిన మనిషి అతను. నాలుగో రోజు వసారాలో అన్నం తింటుండగా లక్ష్మణమ్మే అంది. "ఎల్లు తమ్ముడా. ఇక్కడ నానున్నాను, గురుంగున్నాడు. ఆ మీసాల మేస్టారు కూడా రోజూ వస్తన్నారు కదా, బకెట్టట్టుకోడం నేర్పుతాను. అక్కడ ఆ మడిసి ఒక్కడే ఉన్నాడు."

 జగన్నాధం సాంబారు ఇంకో గరిటె పోసుకున్నాడు.

నెల తిరక్కుండా పాస్‌పోర్టు ఎంక్వయిరీకి కొండబాబు కాగితాలతో వచ్చాడు. పేరు, ఊరు, వయసు రాసుకుని, వృత్తి దగ్గర కలం ఆపాడు. "ఇక్కడ ఏటి రాయమంటారు? ఓటల్ ఓనరు అని రాసేదా?"

"సర్వరు అని రాయండి" అన్నాడు జగన్నాధం. "ఓనర్లకి అక్కడ కరువు నేదంట."